సందులు పూడ్చిన ఎకరం

"అలాగేనండీ" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అనేవాళ్లు మంచివాళ్లే, ఎంతో మర్యాదగా అంటారు. అందుకే ఇంకా మండుతుంది.

ఏలూరు నుంచి పెదపాడు మీదుగా కొల్లేటి వైపు దిగే పల్లంలో ఒక ఊరు. అక్కడ మూడేళ్లపాటు రైతులకు శిక్షణ ఇచ్చాను. ఇచ్చాననే అనాలి, పుచ్చుకున్నవాళ్లు ఎందరో చెప్పలేను. ఆ ఊరివాళ్లే కమిటీ కట్టుకుని నడుపుకునే కేంద్రం అది. చర్చి పక్కన ఎప్పుడో మిషన్ వాళ్లు కట్టి వదిలేసిన పాత బడి గదులు రెండుంటే సున్నం వేయించి, ఒకదాంట్లో బల్లలు వేశారు. రెండోదాంట్లో వేపగింజల గోతాలు, పేడా మూత్రం పులియబెట్టే డ్రమ్ములు, వానపాముల తొట్లు. మందులూ ఎరువులూ తగ్గించి, నేల పాడవకుండా సేద్యం చేయడం తమ రైతులకు నేర్పాలని కమిటీ కోరిక. నేర్పడానికి వ్యవసాయ డిప్లొమా చదివిన మనిషి కావాలన్నారు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో ఏలూరు వచ్చి, బస్సెక్కి, రోడ్డు మీద దిగి, మైలు దూరం నడిచి వెళ్లేదాన్ని.

కమిటీ మీటింగు ముందు ప్రార్థనతో మొదలయ్యేది. తర్వాత ఇంకొకరు కొబ్బరికాయ కొట్టేవారు. ఆ రెండింటికీ ఎవరికీ అభ్యంతరం లేదు, టీ ఆలస్యమైతే మాత్రం అభ్యంతరం ఉండేది. అధ్యక్షులు రిటైరైన పంతులుగారు, చర్చి పెద్దల్లో ఒకరు. మాట నెమ్మది. ఆయన దగ్గర కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. డ్రమ్ముల వాసన ఆదివారం ఆరాధనలోకి వస్తోందని ఫిర్యాదు వస్తే, "వచ్చే ఆదివారం గాలి అటు తిరుగుతుందిలే అమ్మా" అన్నారు నాతో. మూడేళ్లలో ఆయన తీసుకున్న గట్టి నిర్ణయాల్లో అదొకటి.

శిక్షణ రోజు మగవాళ్లు ముప్పై మంది దాకా వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, బల్లల మీద కుదురుగా కూర్చునేవారు. నేను యూరియా ఎక్కువైతే వరికి దోమ పురుగు ఎందుకొస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. అందరూ తలూపేవారు. సందేహాలేమైనా ఉన్నాయా అంటే, "ఏం లేవండీ, బాగా చెప్పారండీ" అనేవారు. అలాగే చేస్తారా అంటే, "ఆయ్, అలాగేనండీ" అని గదంతా ఒక్క గొంతుతో. తర్వాత భోజనాలు. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద యూరియా బస్తాతో ఎదురయ్యేవాళ్లు. ఏంటండీ ఇది అంటే, "మా బావమరిదికండీ." ఆ ఊళ్లో యూరియా కొన్నవాళ్లందరూ బావమరుదులకే కొన్నారు. ఆ బావమరుదులందరినీ ఒకచోట చేర్చి శిక్షణ ఇస్తే సరిపోయేదని నాకు చాలాసార్లు అనిపించింది.

వానపాముల సంగతి ఇంకా ఘోరం. ఇంటి దగ్గర ఎరువు చేసుకోండని ఒక్కొక్కరికి ఒక కుండెడు ఇచ్చాం. వారం తిరక్కుండా కొందరు మళ్లీ కావాలని వచ్చారు. ఇన్నాళ్లకి ఒక్కటి పనిచేసిందని నేను పొంగిపోయాను. నెలరోజులు అలా పంచాను. ఒకరోజు కాలవగట్టు మీద నడిచి వస్తుంటే, నా విద్యార్థులు నలుగురు వరసగా గాలాలు వేసుకుని కూర్చున్నారు. పక్కన మా కేంద్రం కుండలు. నన్ను చూసి ఒక్కరూ దాచలేదు. "మామూలు ఎర్రలకంటే ఇవి బాగా కదులుతున్నాయండీ. కొర్రమీను వెంటనే పట్టేస్తోందండీ" అని ఎంతో కృతజ్ఞతగా చెప్పి, ఒక చేప నా చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. రుచిగానే ఉంది, దానికీ కోపమొచ్చింది.

ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లలో ఆడమనిషి ఒక్కతే. పాస్‌బుక్కు ఉన్నవాళ్లనే పిలవాలని కమిటీ మొదట్లో నియమం పెట్టుకుంది. ఈవిడకి పాస్‌బుక్కు లేదు, ఒక ఎకరం కౌలుకి చేస్తుంది. అయినా ఫొటోలో ఒక్క ఆడమనిషైనా కనపడాలని పంతులుగారు ఆవిడను పిలిపించారు. నలభై ఏళ్లుంటాయేమో. భర్త కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో పని, ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. వాళ్ల మామగారి నుంచీ ఆ ఎకరం వాళ్ల చేతిలోనే ఉంది. మొదటిరోజు రిజిస్టర్లో పేరు, ఊరు అయ్యాక వృత్తి దగ్గర నేను "కౌలు" అని రాయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"రైతు అని రాయండి మేడంగారండీ."

"కౌలు రైతు అని రాయనా?"

"ఉత్త రైతు అని రాయండి. ఆ ఎకరం ఉన్నన్నాళ్లూ మేం రైతులమేనండీ. పోయిన్నాడు కూలోళ్లమే."

నేను రైతు అని రాశాను. ఆవిడ తొంగి చూసుకుని, తర్వాత సంతకం పెట్టింది.

ఆ మాట ఊరికే అన్నది కాదని కొన్నాళ్లకి తెలిసింది. కొల్లేటి లోపల చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడు అది. లోపల పోయిన చెరువులకు బదులు బయటి పొలాలు తవ్వడం మొదలైంది. ఆ ఎకరానికి ఆసామి ఏలూరులో ఉంటాడు. ఆయన కూడా నా శిక్షణకి వచ్చేవాడు, ముందు బల్ల, చేతిలో నోటుబుక్కు, అందరికంటే శ్రద్ధ. ఆ పొలాన్ని చుట్టుపక్కల వాటితో కలిపి చెరువుకి ఇమ్మని కైకలూరు నుంచి ఎవరో అడుగుతున్నారు. "ఆవిడ ఎన్నాళ్ల నుంచో చేస్తోంది కదా అని ఆగానండీ" అన్నాడాయన నాతో. "పంట చూస్తే అంతంతమాత్రం. ఈ దాళ్వా చూసి, ఎండల్లో ఏదో ఒకటి తేల్చేస్తానండీ." ఎండల్లో తేల్చడమంటే ఆ ప్రాంతంలో పొక్లెయిన్ దించడమే. చెరువు అయ్యాక అది మళ్లీ పొలం కాదు.

ఆ దాళ్వాకే, అంటే చలికాలంలో నాటే పంటకే, ఒంటి మొక్క వరి వేయించాలని నేను తిరుగుతున్నాను. పది పన్నెండు రోజుల లేత నారు, రెండాకులది, ఒక్కొక్క మొక్కే, జానెడుకి కాస్త ఎక్కువ దూరంలో నాటడం. విత్తనం తక్కువ, నీళ్లు తక్కువ, ఎరువు తక్కువ. మొక్కకి చోటు దొరికితే పిలకలు బాగా వేసి దుబ్బు కడుతుంది. ముప్పై మందీ అలాగేనండీ అన్నారు. ఒక్కరూ వేయలేదు. కారణం అడిగితే అందరికీ ఆ ఏడే పొలం అన్నదమ్ముల వాటాల్లో పడింది. చివరికి నిజంగా ముందుకొచ్చింది ఆవిడ. ధైర్యం కాదు, ఇంకో దారి లేక. "ఈసారి పంట ఎప్పటిలా ఉంటే పొలం ఎలాగూ పోద్దండీ. మీరు చెప్పిందే చూద్దాం" అంది. ఆ మాటకి నాకు సంతోషం వేయాలి. భయం వేసింది.

నాట్లేసే ఊడుపు ముఠా ఈ పద్ధతికి ఒప్పుకోదనుకుని, ఎకరమంతా మేమే నాటాం. ఆవిడ, ఆవిడ చెల్లెలు, ఆడపడుచు, నేను. ముడులు వేసిన తాడు రెండు వైపులా పట్టుకుని, ముడి దగ్గర ఒక మొక్క. నారును పళ్లెంలో పెట్టుకుని, వేళ్లకి మట్టితో సహా తీసి పెట్టాలి. నాలుగు రోజులు పట్టింది. నా నడుము సంగతి ఇక్కడ రాయను. నాటడం అయ్యాక చూస్తే పొలంలో నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. పచ్చటి నూలుపోగులు అక్కడొకటి ఇక్కడొకటి. దారిన పోయేవాళ్లు ఆగి, "పక్షులు తినేశాయా అండీ?" అని అడిగేవారు. కైకలూరు మనిషి ఒకడు వచ్చి గట్టు మీద నిలబడి, చెరువుగట్టు ఎక్కడ పడుతుందో చేత్తో చూపిస్తూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వెళ్లాడు. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. "ఇంకో పదిహేను రోజులు ఓర్చుకోండి" అని నేనే చెప్పాను. "అలాగేనండీ" అంది. ఆ అలాగేనండీ మాత్రం నమ్మాను.

అప్పుడే మా బంధువుల పెళ్లికి రెండు రోజులు సెలవు పెట్టాను. మూడోరోజు పొద్దున్న వచ్చి పొలం చూసి, దారి తప్పానేమో అనుకున్నాను. ఎకరమంతా నిండుగా పచ్చగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే, నా ఒంటి మొక్కల మధ్య సందుల్లోకి నెలరోజుల ముదర నారు, నాలుగైదు మొక్కలు కలిపి, వరసగా, ఎంతో అందంగా ఎవరో నాటేశారు. ఒక్క సందు వదల్లేదు.

ఆవిడ గట్టు మీద తల వంచుకుని నిలబడి ఉంది.

"ఎవరు చేశారండీ ఇది?"

"మావాళ్లేనండీ. ఊడుపు ముఠావాళ్లు."

"మీరు చెప్పారా?"

"లేదండీ. పైపొలాల్లో ఊడుపులయ్యాక నారు మిగిలిందంట. పాపం దీని పొలం సందులు పడిపోయిందని మోసుకొచ్చారండీ. నిన్న నేను వచ్చేసరికే సగం అయిపోయింది. కూలి కూడా తీసుకోలేదండీ."

ఆ ఊళ్లో అదొక పద్ధతి. ఎవరి పొలంలో నారు మిగిలినా పారేయరు, ఎవరి చేలో సందులు పడ్డాయో చూసి పూడ్చి వెళ్తారు. అడగరు, చెప్పరు, కూలి తీసుకోరు. మామూలు రోజుల్లో అయితే నేను దాన్ని మెచ్చుకుంటూ ఏదైనా పత్రికకి రాసేదాన్ని.

"వద్దు అని చెప్పలేకపోయారా? ఒక్క మాట! మీ పొలం కదండీ పోయేది!" అని అరిచాను. ఏ రైతు మీదా అంతకు ముందు అలా అరవలేదు.

"పెట్టడానికి వచ్చినోళ్లని వద్దని ఎలా అంటానండీ" అంది ఆవిడ, కళ్లనీళ్లతో. "మీరంటారా?"

నేనంటాను అనుకుని, చీర ఎగదోపి పొలంలోకి దిగి పీకడం మొదలుపెట్టాను. ముదర నారు పొడుగ్గా ఉంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. ఎకరం పీకడం కష్టం. ఆవిడ నన్ను ఆపలేదు, నాతో దిగనూ లేదు. రెండు వరసలు పీకేసరికి, పక్క పొలంలో ఊడుస్తున్న ముఠా అంతా నడుములు ఎత్తి నావైపు చూస్తోంది. ముఠా పెద్దావిడ అరవై దాటిన మనిషి. గట్లు దాటుకుంటూ వచ్చి, నా చేతిలోని నారు చూసింది.

"ఏవండీ, మేం పెట్టింది ఎందుకు పీకుతున్నారండీ?"

నాకు ఎంత కోపంగా ఉందంటే, బోర్డు మీద ముప్పైసార్లు చెప్పిన పాఠం అంతా అక్కడే మోకాలి లోతు బురదలో అరుస్తూ చెప్పేశాను. మొక్కకి చోటెందుకు, పిలక ఎలా వస్తుంది, ముదర నారు పక్కన లేతది ఎలా చచ్చిపోతుంది. చెరువు సంగతి కూడా చెప్పాను. ముఠా ఒక్కొక్కరే పని వదిలి గట్టు మీదికి చేరింది. పెద్దావిడ చివరిదాకా విని, వంగి, నా ఒంటి మొక్కనొకదాన్ని వేలితో కదిలించింది.

"ఒక్క మొక్క నుంచి ఎన్ని వస్తాయన్నారు?"

చెప్పాను.

"ఇది వేరు పట్టేసిందే" అంది తనలో తను. తర్వాత నావైపు తిరిగింది. "మీ బళ్లో మగాళ్లని కూకోబెట్టి అన్నం పెట్టి చెప్తన్నారు కదండీ ఇదంతా. ఊడిచేది మేమండీ. వాళ్లలో ఒక్కడు ఎప్పుడన్నా మొక్క నాటాడేమో అడగండి. మమ్మల్ని ఒక్కరోజు పిలిచి చెప్తే, ఈ మట్టి రెండోసారి తొక్కే పని ఉండేది కాదు కదండీ!"

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి నేను చాలా వెతికాను. దొరకలేదు. ఏడాదిన్నరగా మగవాళ్లు నా మాట వినడంలేదని ఏడుస్తున్నాను. విన్నా ఉపయోగం లేదని ఆడదాన్ని అయి ఉండి నాకు తట్టలేదు. శిక్షణ రోజున ఈ ఆడవాళ్లందరూ ఎక్కడున్నారో కూడా అడగలేదు. పొలాల్లోనే ఉన్నారు, నేను కిటికీలోంచి చూస్తూ పాఠం చెప్పాను.

ఆ రోజు ముఠా మిగతా పని మానేసి మా ఎకరంలోకి దిగింది. తాము పెట్టిందంతా తామే పీకారు. పీకిన నారు కట్టలు కట్టి, వెళ్తూ వెళ్తూ ఇంకెవరి చేలోనో సందుల్లో పెట్టారు. కౌలు ఆవిడ అప్పుడు దిగింది వాళ్లతోపాటు.

తర్వాత పొలం నిజంగా మాట విన్నది. మార్చి వచ్చేసరికి ఒక్కొక్క దుబ్బు రెండు చేతులకి పట్టనంత అయింది. దోమ పక్క చేలదాకా వచ్చి ఆగింది. ఒంటి మొక్కల్ని చూసి పక్షులు తినేశాయా అన్నవాళ్లే వచ్చి పిలకలు లెక్కపెట్టుకున్నారు. కోతల ముందు ఏలూరు నుంచి ఆసామి వచ్చాడు. ఒక దుబ్బు చేత్తో చుట్టి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆవిడ ముఖం అంత తేటగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

కోతలైన పది రోజులకి ఆయన స్వీట్ బాక్సుతో కేంద్రానికి వచ్చాడు. "చెరువు ఆలోచన మానేశానండీ మేడం గారూ. అంతా మీ పుణ్యం" అన్నాడు. నేను లేచి నిలబడి దండం పెట్టాను. అంత తెలివితక్కువ దండం నేను ఎప్పుడూ పెట్టలేదు.

"నా పొలం ఇంత పండుద్దని నాకే తెలీదండీ. ఇహ కౌలుకెందుకని, నేనే చేయించుకుందామనుకుంటున్నాను. మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను కదండీ" అని నోటుబుక్కు చూపించాడు. "నాట్లు మీరు చెప్పినట్టే, ఒక్కటి తేడా రాకుండా వేయిస్తానండీ."

"మరి ఆవిడ?"

"ఆవిడకేం పర్వాలేదండీ. నాట్లకి ముందు ఆవిడనే పిలుస్తాను. చెయ్యి తిరిగిన మనిషి కదా."

ముప్పై మందిలో నా పాఠం పూర్తిగా నేర్చుకున్నది ఆయన ఒక్కడే. నేను పంతులుగారి దగ్గరికి వెళ్లి ఉన్న కోపమంతా వెళ్లగక్కాను. కమిటీ పిలిచి మాట్లాడాలన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయన పొలం ఆయనిష్టం కదమ్మా. అయినా చెరువు కాకుండా ఆగింది. అది మనం సాధించిందే కదా" అన్నారు. మీటింగులో ఎత్తితే అందరూ బాధపడ్డారు, చూద్దామండీ అన్నారు. ఏడాది నివేదికలో "ఒక ఎకరాన్ని చెరువు కాకుండా కాపాడగలిగాం" అని రాశారు. కింద ఫొటోలో ఆవిడ ఉంది.

మళ్లీ దాళ్వా ముందు మొదటిసారి ఊడుపు ముఠాలకి శిక్షణ పెట్టాం. నేను పట్టుబట్టి సాధించింది అదొక్కటే. బల్లలు చాలక, ఆడవాళ్లు నేల మీద, అరుగుల మీద కూర్చున్నారు. సందేహాలున్నాయా అంటే నన్ను పీక్కు తిన్నారు. ముఠా పెద్దావిడ ఒక్కతే గంటసేపు అడిగింది. కౌలు ఆవిడ కూడా వాళ్లతో వచ్చింది. తాడుకి ముడులు ఎంత దూరంలో వేయాలో అందరికీ ఆవిడే చూపించింది, నాకంటే బాగా. మర్నాటి నుంచి వాళ్లు నాటబోయే మొదటి పొలం ఏదో అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రిజిస్టర్ పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగి రాస్తున్నాను. ఆవిడ వంతు వచ్చింది. పేరూ ఊరూ నాకు తెలుసు, అడక్కుండానే రాశాను. వృత్తి దగ్గర పెన్ను ఆగకుండా "రైతు" అని మొదలుపెట్టాను. ఆవిడ మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూలి అని రాయండి మేడంగారండీ."

నేను రాయలేదు. ఆవిడ నా మీద కోపంగా లేదు, మర్యాదగానే చూస్తోంది, ఎప్పటిలాగే.

"రాయండి. తప్పు రాయకూడదు కదండీ" అంది.

"అలాగేనండీ" అన్నాను.